లేత్ మీద ఏ లోహానికి ఎంత స్పీడు: నా అనుభవం

లేత్ (లోహపు ముక్కని గుండ్రంగా తిప్పుతూ కోసే యంత్రం) పని నేర్చుకునే రోజుల్లో కొలతల కన్నా స్పీడే నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది. ఈ రాడ్‌కి ఎంత ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) పెట్టాలని అడిగితే, పని నేర్పేవారు ముందు డయా (వ్యాసం) ఎంతో చెప్పమనేవారు. అసలు కిటుకంతా ఆ ఎదురుప్రశ్నలోనే ఉందని లెక్క వేసుకున్నాక గాని అర్థం కాలేదు.

కటింగ్ స్పీడంటే టూల్ మొన ముందు నుంచి జాబ్ (కోస్తున్న ముక్క) ఉపరితలం నిమిషానికి ఎన్ని మీటర్లు సాగిపోతుందో ఆ లెక్క. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్‌తో మైల్డ్ స్టీల్‌కి (మామూలు మెత్తని ఉక్కుకి) 25 మీటర్లు అనుకుందాం. దాన్ని 318తో గుణించి, మిల్లీమీటర్లలో ఉన్న డయాతో భాగిస్తే ఆర్‌పీఎం వచ్చేస్తుంది. 50 మి.మీ. రాడ్‌కి 159, 10 మి.మీ. రాడ్‌కి 795. గేర్లలో సరిగ్గా ఆ అంకె దొరకదు కాబట్టి దానికి కింద ఉన్న స్పీడుతో మొదలుపెడతాను. ఫేసింగ్ (జాబ్ చివరి ముఖాన్ని చదును చేయడం) చేస్తుంటే అంచున నున్నగా వచ్చిన జాబ్ నడిమధ్యకి వచ్చేసరికి ఎందుకు గరుకెక్కుతుందో కూడా ఈ లెక్కతోనే తెలిసింది. ఆర్‌పీఎం మారకపోయినా, డయా తగ్గేకొద్దీ కటింగ్ స్పీడు సున్నాకి పడిపోతుంది.

అల్యూమినియం, ఇత్తడి పెద్దగా ఏడిపించవు, స్పీడు ధారాళంగా ఇవ్వొచ్చు. కాస్ట్ ఐరన్‌కి మైల్డ్ స్టీల్ కన్నా కొంచెం తగ్గిస్తే చాలు. దాని చిప్స్ (కోతలో ఊడే లోహపు తునకలు) పొడిలా రాలతాయి.

మైల్డ్ స్టీల్ దగ్గర చిప్స్‌ని చూడటం అలవాటైంది. స్పీడు మరీ తక్కువైతే లోహం టూల్ మొనకి అంటుకుని గడ్డ కడుతుంది, జాబ్ మీద చిరిగినట్టు గీతలు పడతాయి. హెచ్ఎస్ఎస్‌తో చిప్స్ నీలం రంగుకి తిరుగుతుంటే వేడి మితిమీరిందని అర్థం, అంచు ఎంతోసేపు నిలవదు. అమెరికన్ ఇంజనీర్ ఎఫ్. డబ్ల్యూ. టేలర్ 1907లోనే టూల్ ఆయుష్షుకి సూత్రం ఇచ్చాడు. హెచ్ఎస్ఎస్‌కి సాధారణంగా వాడే ఘాతాంకంతో లెక్క కడితే, స్పీడు 10 శాతం పెంచినా ఆయుష్షు సగానికన్నా తగ్గిపోతుంది. అంత చిన్న తేడాకి అంత నష్టమా అని నేను చాలాసేపు ఆ లెక్క దగ్గరే ఆగిపోయాను.

స్టెయిన్‌లెస్ స్టీల్ మాత్రం నిజంగా పరీక్ష పెడుతుంది. నిమిషానికి 12 నుంచి 15 మీటర్లతో మొదలుపెట్టి, కూలెంట్ (చల్లబరిచే ద్రవం) ధార ఆగకుండా చూసుకుంటాను. టూల్ కీచుమనగానే ఫీడ్ (జాబ్ ఒక్కో చుట్టుకి టూల్ జరిగే దూరం) తగ్గించాలని చెయ్యి లాగుతుంది. ఫీడ్ తగ్గితే టూల్ కోయడం మాని రుద్దుతుంది, రుద్దినచోట పైపొర గట్టిపడిపోతుంది. మరుసటి కోత ఆ గట్టిపొర మీదే పడితే అంచు ఇట్టే మొద్దుబారుతుంది. అందుకే స్పీడు తగ్గిస్తాను గాని ఫీడ్ జోలికి పోను. కోత లోతు కూడా ఆ పొర కిందికి దిగేలా పెడతాను.

కార్బైడ్ (హెచ్ఎస్ఎస్ కన్నా వేడిని బాగా తట్టుకునే గట్టి పదార్థం) టిప్‌కి మారితే ఈ అంకెలు మూడు నాలుగు రెట్లవుతాయి. స్టీల్ మీద నీలం చిప్స్ వచ్చినా అప్పుడు కంగారు పడక్కర్లేదు, వేడి చాలావరకు చిప్‌తోనే బయటికి పోతోందన్నమాట.