పొత్తిగుడ్డలంటే ఏంటమ్మా?

మెల్‌బోర్న్‌లో క్రిస్మస్ నడి వేసవిలో వస్తుంది. బయట 35 డిగ్రీల ఎండ కాస్తుంటే షాపుల అద్దాల మీద తెల్ల స్ప్రేతో మంచు పూలు గీసి ఉంటాయి. వచ్చిన కొత్తలో అందరూ ఇదో వింతగా చెప్పేవాళ్ళు కానీ విశాఖపట్నంలో పెరిగిన నాకు వింతేముంది? మా చర్చిలో సరుగుడు కొమ్మకి దూది అంటించి మంచు అనుకున్నవాళ్ళమే కదా మేమూ. ఉక్కపోతలో మంచు ఊహించుకోవడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

నన్ను ఇబ్బంది పెట్టింది శాంటా. తప్పు నాదే, ముందే ఒప్పుకుంటాను. బళ్ళో పిల్లలందరూ శాంటాకి ఉత్తరాలు రాస్తుంటే మా అమ్మాయి ఒక్కర్తే వెలితి పడకూడదని నేనే మొదలుపెట్టాను. 24 రాత్రి గుమ్మం దగ్గర పాలు, రెండు బిస్కెట్లు, శాంటా బండి లాగే దుప్పులకి ఒక క్యారెట్. పిల్ల పడుకున్నాక మావారు ఆ క్యారెట్ కొరికి, పళ్ళ గాట్లు కనబడేలా పెట్టేవారు. నాలుగేళ్ళు బాగానే నడిచింది. పోయినేడు మా బీరువాలో మిగిలిపోయిన గిఫ్ట్ కాగితం దాని కంటబడింది. ఏడవలేదు, అలగలేదు. రెండు రోజుల తర్వాత కారులో వెనక సీట్లోంచి మామూలుగా అడిగింది: "అమ్మా, శాంటా మీరే కదా. మరి యేసయ్య కూడా మీరు చెప్పేదేనా?"

దానికి అప్పుడు ఎనిమిదేళ్ళు. జవాబు నాకు తెలుసు, చెప్పడానికి మొహం చెల్లలేదు. "ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం" అన్నాను. ఇంటికెళ్ళాక మాట్లాడలేదు.

ఇప్పుడనిపిస్తుంది, శాంటాకి మూలమైన నికోలస్ కథ ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే సరిపోయేది. 4వ శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న మైరా అనే ఊరికి ఆయన బిషప్పు. పెళ్ళి ఖర్చుకి గతిలేని ముగ్గురాడపిల్లల ఇంట్లో, ఎవరికీ తెలియకుండా రాత్రిపూట డబ్బు మూటలు పడేశాడని చెప్పుకుంటారు. ఆ కథకి దుప్పులూ అక్కర్లేదు, క్యారెట్టూ అక్కర్లేదు.

ఈసారి బడి సెలవులివ్వగానే విశాఖ వచ్చేశాం. ఆస్ట్రేలియాలో ఉన్న సుఖం అదొకటి, పెద్ద సెలవులు డిసెంబరులోనే వస్తాయి. అమ్మావాళ్ళిల్లు వన్ టౌన్‌లో. మేడెక్కితే ఒక పక్క డాల్ఫిన్స్ నోస్ కొండ, పోర్టు క్రేన్లు, ఇంకో పక్క రాస్ హిల్ మీద మేరీమాత చర్చి. దాని పక్క కొండల మీదే వెంకటేశ్వరస్వామి గుడి, దర్గా. మేం ఆ చర్చివాళ్ళం కాకపోయినా, పదో తరగతి పరీక్షల ముందు నేనూ ఆ మెట్లు ఎక్కినదాన్నే.

వచ్చిన నాలుగో రాత్రి క్యారల్స్ వాళ్ళొచ్చారు. ఒంటిగంట దాటింది. వీధి మొగ నుంచే డ్రమ్ములు, గిటారు, మైకు. ముందు క్రిస్మస్ తాత, మొహానికి ప్లాస్టిక్ మాస్కు, గులాబీ రంగు బుగ్గలు, పొట్టకి దిండు. మా వరండాలో గిరగిరా తిరుగుతూ డ్యాన్స్ చేసి చాక్లెట్లు విసిరాడు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశాక అమ్మ అందరికీ టీ, నూనెలో వేయించిన గులాబీ పువ్వులు పెట్టింది. మా అమ్మాయి కళ్ళు తాత మీదే ఉన్నాయి. ఆయన మెట్టు మీద కూలబడి, మాస్కు నెత్తి మీదకి తోసేసి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ టీ ఊదుకుని తాగాడు. పొద్దున్నే మా ఇంటికొచ్చి ఫ్యాను రెగ్యులేటరు మార్చి వెళ్ళిన ఎలక్ట్రీషియన్ ఆయనే. "అమ్మా, ఇక్కడ శాంటా ఎవరో అందరికీ తెలుసా?" అంది చెవిలో. తెలుసన్నాను. "మరి ఎందుకు ఇంత హ్యాపీగా ఉన్నారు?" మాస్కు వెనక మనిషి కనబడినా పండగ తగ్గదని దానికి మొదటిసారి తెలిసింది. నేనింకా దాచే పనిలోనే ఉన్నాను.

అమ్మకి సాయంత్రం ప్రార్థన తప్పదు. ఏడింటికల్లా చాప పరిచి, చేతికి దొరికినవాళ్ళనల్లా కూర్చోబెడుతుంది. మా అమ్మాయి ఆదివారం తెలుగు క్లాసుల పుణ్యమా అని అక్షరాలు కూడబలుక్కుంటుంది. అర్థం తెలుస్తుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే వస్తుంది. దానిచేత లూకా సువార్త రెండో అధ్యాయం రోజుకి రెండు వచనాల చొప్పున చదివించడం మొదలెట్టింది అమ్మ. ఏడో వచనానికి వచ్చి ఆగిపోయింది పిల్ల. "తొలిచూలు" దగ్గర ఒకసారి, "పొత్తిగుడ్డలు" దగ్గర ఇంకోసారి.

"పొత్తిగుడ్డలంటే ఏంటమ్మా?"

నేను ఇంగ్లీషు మాట కోసం వెతుక్కుంటున్నాను. ఆ ఇంగ్లీషు మాట కూడా దానికి తెలియదు, స్కూలు నాటకంలో యేసయ్య బొమ్మకి చుట్టింది మెరిసే తెల్ల శాటిన్. ఈలోగా అమ్మ లేచి, మంచం కిందున్న ట్రంకు పెట్టె లాగింది. అడుగు నుంచి ఒక నూలు చీర తీసింది. ఒకప్పుడు ఆకుపచ్చది అయ్యుండాలి, ఉతికి ఉతికి రంగు లేదు. అంచు పళ్ళతో కొరికి, సర్రున చింపింది. మళ్ళీ అడ్డంగా సర్రున. నాలుగు చదరపు ముక్కలు.

"పట్టుకు చూడమ్మా. ఎలాగుంది?"

"సాఫ్ట్."

"కొత్తబట్టయితే పసోళ్ళకి ఒరుసుకుంటాది. అందుకే పాత చీరలు ఉతికి దాస్తాం, కడుపుతో ఉన్నప్పట్నించీ. మీ అమ్మకీ ఇవే కట్టాను."

బొమ్మ ఒకటి తెప్పించి, ముక్కని మూలగా మడిచి, చేతులు లోపలికి పెట్టి, గట్టిగా ఒక చుట్టు, వదులుగా ఒక చుట్టు ఎలా చుట్టాలో చూపించింది. నేను పుట్టినప్పుడు ఆసుపత్రిలో మంచం ఖాళీ లేదట. వరండాలో చాప మీద మూడు రోజులున్నారట అమ్మా నేనూ. ఈ సంగతి నలభై ఏళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదు. మనవరాలికి చుట్టడం నేర్పుతూ, మాటల్లో మాటగా చెప్పింది.

పిల్ల కాసేపు ఆలోచించింది. "దేవుడికి కూడా పాతబట్టలేనా?"

"దేవుడైతే మాత్రం? పసిబిడ్డై వచ్చాడు కదమ్మా. పసిబిడ్డకేం కడతారో అదే కట్టింది వాళ్ళమ్మ."

"అయితే పక్క తడిపేసేవాడా?"

నాకు గుండె గుభేలుమంది. మా అమ్మ బైబిలు మీద ఇంకో పుస్తకం పెట్టనివ్వని మనిషి. కానీ తడుముకోకుండా అంది: "తడపడా మరి!"

యేసు నిజంగా దేవుడేనా, నిజంగా మనిషేనా అని క్రైస్తవ సంఘం వందల ఏళ్ళు తర్జనభర్జన పడింది. 325లో నికయ అనే ఊళ్ళో సంఘ పెద్దలు కూర్చుని దేవుడేనన్నారు. 451లో కల్సెదోనులో మళ్ళీ కూర్చుని, పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి అని తేల్చారు. మనిషిలా కనిపించాడంతే, నిజంగా రక్తమాంసాలు లేవు అన్నవాళ్ళూ అంతకు చాలా ముందే ఉన్నారు. ఆ వాదనకి మా అమ్మ రెండు మాటల్లో జవాబు చెప్పేసి, చీరముక్కలు మడత పెట్టుకుంటోంది. యోహాను సువార్తలో వాక్యము శరీరధారి ఆయెనని ఎన్నిసార్లు చదివానో. ఆ శరీరానికి గుడ్డ మార్చాలన్న ఊహ నాకెప్పుడూ రాలేదు.

"మరి మనం క్రిస్మస్‌కి కొత్తబట్టలు ఎందుకు వేసుకుంటాం?" అని కూడా అడిగింది. దానికి మాత్రం అమ్మ దగ్గర సమాధానం లేదు. అప్పటికే టైలర్ దగ్గర మూడు జతలున్నాయి.

గొర్రెల కాపరుల వంతు వచ్చేసరికి నాన్న అందుకున్నారు. నాన్న పోర్టులో ముప్పై ఏళ్ళు మూడు షిఫ్టుల్లో పనిచేశారు. "చూశావా తల్లీ, ఊరంతా పడుకున్నాక మేలుకునున్నది ఎవరు? నైట్ డ్యూటీవాళ్ళు. బిడ్డ పుట్టాడని దేవుడు ముందు కబురు పంపింది వాళ్ళకే, హేరోదు రాజుకి కాదు." నా చిన్నప్పుడు క్రిస్మస్ రాత్రి నాన్న డ్యూటీలో ఉంటే చర్చిలో మా బెంచీ చివర ఒక చోటు ఖాళీగా ఉండేది. ఆయన ఆ వచనాలు ఎలా చదువుకున్నారో ఇన్నాళ్ళకి తెలిసింది.

మర్నాడు పాత ఊరు తిప్పుతూ ఇంకో సంగతి చెప్పారు. 1805లో లండన్ మిషన్ నుంచి జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అని ఇద్దరు ఈ ఊరొచ్చి, తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలు తెలుగులోకి మార్చడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయి వచ్చింది 1812లో. ఇద్దరూ ఆ పుస్తకం చూడలేదు. "వాళ్ళు అక్కడ్నించి ఇక్కడికొచ్చి తెలుగు నేర్చుకున్నారా?" అంది పిల్ల. నాన్న నా వైపు చూసి ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను.

దానికి బాగా పట్టుకున్నది మాత్రం మత్తయి రాసిన ఐగుప్తు, అంటే ఈజిప్టు, ప్రయాణం. మా అన్నయ్య పిల్లలు దాని యాసని వెక్కిరిస్తున్నారు, "నీల్లు కావాలి" అంటుందని. మంచివాళ్ళే, కానీ పిల్లలు కదా. ఒక మధ్యాహ్నం ముడుచుకుని పడుకుని అడిగింది: బిడ్డని చంపిస్తాడని హేరోదుకి భయపడి ఐగుప్తు వెళ్ళారు కదా, యేసయ్య అక్కడ ఏ భాష మాట్లాడాడు? తిరిగి నజరేతు వచ్చాక వాళ్ళ కజిన్స్ నవ్వారా? బైబిల్లో లేదన్నాను. "నవ్వే ఉంటారు" అంది, తీర్పు చెప్పినట్టు. ఆ రోజు నుంచి ప్రార్థనలో దాని గొంతు కొంచెం గట్టిగా వినబడుతోంది. ఊరు మారిన పిల్లాడని తెలిశాక చుట్టరికం కలిసినట్టుంది.

క్రిస్మస్ ఆరాధన, పలావు, పక్కింటి అత్తయ్యగారికి కేకు పళ్ళెం, అన్నీ ఎప్పటిలాగే జరిగాయి. ఆ రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు, ఏడాదిగా ఎగ్గొట్టిన మాట నేనే ఎత్తాను. "శాంటా సంగతిలో నీకు అబద్ధం చెప్పాను. సారీ. యేసయ్య సంగతి అలాంటిది కాదు. అమ్మమ్మ నాకు చెప్పింది, నేను నమ్మాను, నీకు చెప్తున్నాను. నీకు ఏ డౌటొచ్చినా అడుగు."

చాలాసేపు మాట్లాడలేదు. పడుకుందేమో అనుకున్నాను.

"డిసెంబరు 25న పుట్టాడని ఎక్కడుంది?"

బైబిల్లో తేదీ లేదని చెప్పాను. 336 నాటికి రోములో ఆ రోజున చేసుకుంటున్నట్టు దాఖలా ఉందని, పుట్టిన తేదీ కంటే పుట్టాడన్నదే వాళ్ళకి ముఖ్యమని చెప్పాను. "ఓకే" అని అటు తిరిగి పడుకుంది. నమ్మిందో లేదో నాకు తెలియదు. అడగడం మాత్రం ఆపలేదు.

తిరుగు ప్రయాణానికి పెట్టెలు సర్దుతుంటే దాని బొమ్మల డబ్బా బరువుగా తగిలింది. తెరిస్తే లోపల అట్టతో చేసిన పశువుల తొట్టి, నిండా వరిగడ్డి. చర్చిలో పశువులపాక విప్పేస్తుంటే అడిగి తెచ్చుకుందట. గడ్డి ఆస్ట్రేలియాలోకి రానివ్వరని, ఎయిర్‌పోర్టులోనే తీసేస్తారని చెప్పాను. పేచీ పెడుతుందనుకున్నాను. పరకలన్నీ ఏరి, అమ్మమ్మ చాటలో పోసేసింది. తర్వాత ఆకుపచ్చ చీర ముక్కలు నాలుగూ తీసుకుంది. ఒకటి బొమ్మకి చుట్టింది. గట్టిగా ఒక చుట్టు, వదులుగా ఒక చుట్టు. మిగతావి తొట్టిలో పరిచి, చేత్తో అదిమి చూసింది.

"అట్ట గట్టిగా తగులుతోంది" అని లోపలికి కేకేసింది, తెలుగులో. "అమ్మమ్మా, ఇంకో ముక్క చింపవా?"