కాణిపాకం దారిలో పిప్పి లెక్క

దర్శనం గురించి రాయను. గంటన్నర వరుసలో నిలబడ్డాను, అర నిమిషం స్వామిని చూశాను. రాయాలనిపించింది తిరుగు దారి గురించి.

చిత్తూరు బస్సు కళ్ల ముందే వెళ్లిపోయింది. ఆటో అతను రెండు వందలు అడిగాడు. మా తెనాలిలో ఆ డబ్బుకు ఊరంతా తిప్పి ఇంటి దగ్గర దింపుతారు! కోపంతో నడక మొదలుపెట్టాను. జనవరి కాబట్టి బతికిపోయాను.

కొంత దూరం పోయాక బెల్లం గానుగ కనిపించింది. పాకం వాసనకే సగం కోపం దిగింది. పక్కన చెరకు పిప్పి గుట్టలుగా ఆరబోసి ఉంది. "ఇంత చెత్త ఏం చేస్తారు?" అని అడిగాను. పొయ్యి దగ్గరి పెద్దాయన నన్నొకసారి ఎగాదిగా చూసి, ఒక మోపు పిప్పి మంటలోకి తోశాడు. పాకం కాగేది దాని మీదే! మిగిలింది కోడలు తీసుకుంటుందట. "ఊరికే కాదు, లెక్క రాస్తాను" అన్నాడు.

కోడలి పాక వెనకే ఉంది. గోడలకు తడి గోనె పట్టాలు, లోపల చీకటి. ఉట్లలా వేలాడే ప్లాస్టిక్ సంచుల చీలికల్లోంచి ముత్యపు చిప్ప పుట్టగొడుగులు గుత్తులుగా బయటికి వంగి ఉన్నాయి.

"మొదటిసారి పిప్పిని నానబెట్టకుండా వేశానన్నా. అందులో మిగిలిన తీపికి పచ్చ బూజు పట్టి నలభై సంచులూ పోయాయి" అందామె. ఇప్పుడు పిప్పిని రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, వరిగడ్డి ముక్కలు కలిపి డ్రమ్ములో గంటసేపు ఉడికిస్తుంది. చల్లారాక ఒక గుప్పెడు తీసి గట్టిగా పిసికి చూపించింది. అరచెయ్యి తడిసింది గానీ చుక్క రాలలేదు. అంత తేమ చాలట. ఆపైన జొన్న గింజల మీద పెంచిన పుట్టగొడుగు విత్తనం పొరలు పొరలుగా చల్లి సంచి కడుతుంది. మూడు వారాల్లోపే లోపలంతా తెల్లగా అల్లుకుంటుంది.

గుండ్రంగా ఉండే బటన్ రకం పుట్టగొడుగులు ఎందుకు వేయలేదని అడిగాను. "దానికి ఈ గడ్డీ పిప్పీ చాలవు, కంపోస్టు కావాలి. గడ్డిలో కోళ్ల ఎరువు, జిప్సం కలిపి వారాల తరబడి తిరగవేయాలి. ఆ వాసనకు మామయ్య నన్ను ఊరి బయటికి పంపుతాడు. పైగా చల్లటి గది. ఆ కరెంటు బిల్లు ఎవరు కడతారన్నా?"

మా అమ్మమ్మ తొలకరి ఉరుముల తర్వాత పుట్ట దగ్గరికి వెళ్లి, పాముందేమోనని కర్రతో నేల తట్టి, పుట్టగొడుగులు ఏరుకొచ్చేది. పైసా ఖర్చు లేదు. ఇక్కడ పావు కిలోకు డెబ్బై ఇచ్చాను. బేరమాడబోయి, పిప్పి లెక్క గుర్తొచ్చి ఊరుకున్నాను.

కవరు మూతి బిగించవద్దని ఆమె చెప్పింది. నేను బిగించాను. తిరుగు ప్రయాణంలో పాకాల ఊరు దాటేసరికి లోపలంతా చెమట. విప్పుతుంటే పక్క సీటు పెద్దాయన, "కాణిపాకం ప్రసాదమా నాయనా?" అంటూ కళ్లకద్దుకోవడానికి చేయి చాపాడు.