పెప్పర్‌మింట్‌కి విత్తనాలేంటండీ!

బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటి దగ్గరి నర్సరీ ఆయన పెప్పర్‌మింట్ అని చెప్పి నాకో విత్తనాల ప్యాకెట్ అంటగట్టాడు. మొలకలొచ్చాయి, కుండీ నిండింది. ఆకు నలిపితే మాత్రం కూరల మార్కెట్లో దొరికే పుదీనా వాసనే! పెప్పర్‌మింట్ ఆకు నమిలితే మెంథాల్‌కి నోరంతా చల్లగా జివ్వుమనాలి. ఆకుకి పొట్టి కాడ ఉండాలి. దీని ఆకులు కాడే లేకుండా కొమ్మకి అతుక్కుని ఉన్నాయి.

ఒక కొమ్మ తుంచి పట్టుకెళ్లాను. ఆయన చేతిలో నీళ్ల పైపు కూడా దించకుండా, "రెండూ పుదీనాయే కదమ్మా! మీ ఆంధ్రావాళ్లు చేసుకునేది పచ్చడే, ఏదైతే ఏంటి?" అన్నాడు. అదీ నలుగురి ముందు, శుభ్రమైన తెలుగులో. పక్కన బేరమాడుతున్న జంట కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఊరుకుంటానా? "పెప్పర్‌మింట్ అనేది వాటర్‌మింట్ అనే ఇంకో పుదీనాకీ, స్పియర్‌మింట్‌కీ పుట్టిన సంకర జాతి. పువ్వు పూస్తుంది గానీ మొలిచే గింజ కట్టదు. మరి మీ ప్యాకెట్లోకి గింజలెక్కడివి?" అని అడిగాను. "బిల్లుందా?" అన్నాడు. ఉంది. దాని మీద "సీడ్స్" అని తప్ప ఇంకేం రాయలేదు. తెలివి చూశారా! 1753లో పెప్పర్‌మింట్‌కి శాస్త్రీయ నామం పెట్టిన స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ కూడా దీన్ని విడి జాతి అనే అనుకున్నాడు, కాబట్టి తెలియకపోవడం నేరం కాదు. ఆ వెటకారమెందుకు?

చివరికి మా కొలీగ్ వాళ్లింటి నుంచి వేరున్న పెప్పర్‌మింట్ కొమ్మ తెచ్చి నాటితే ఇట్టే బతికింది. పొద్దుటి ఎండ చాలు, మట్టి తడి ఆరకూడదు. విడి కుండీలోనే పెట్టండి, లేకపోతే పాకుతూ పోయి పక్క మొక్కలకి చోటు మిగల్చదు. నర్సరీకే వెళ్తే ఆకు నలిపి వాసన చూడనివ్వని చోట కొనకండి.

పచ్చడికి ఇది పనికిరాదు. మా అత్తగారు ఒక ముద్ద తిని, "ఏంటమ్మాయ్, టూత్‌పేస్ట్ గానీ రుబ్బావా?" అన్నారు. పచ్చడికి ఆ ప్యాకెట్ మొక్కే నయం, ఈ మాట నర్సరీలో మాత్రం అనను. పెప్పర్‌మింట్‌ని టీకి ఉంచుకోండి. వేడినీళ్లలో నాలుగాకులు చిదిమి వేసి, కాసేపు మూత పెట్టి వడగట్టండి. పాలు వద్దు.