ఉప్పలపాడు పక్షుల దగ్గర బోర్డు పెట్టాలంటే

గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు గట్టున జనం బోర్డు ముందు ఆగేది కొద్ది సెకన్లే. అందుకే శాస్త్రీయ నామంతో కాదు, ఎదురుగా కనిపించేదానితో మొదలుపెట్టాలి. గూడబాతు బోర్డుకైతే: “ముక్కు కింది సంచి చేపలు దాచుకోవడానికి కాదు, పట్టుకోవడానికి.” అది చదివినవాళ్లు వెంటనే తలెత్తి ముక్కు వైపు చూస్తారు. బోర్డు పని అదే. మొత్తం 60 మాటలు దాటనివ్వకండి.

వరుసల మధ్య ఇంగ్లిషుకు ఇచ్చే ఎడం తెలుగుకు సరిపోదు. వరుసలు దగ్గరైతే ‘కృష్ణా’లోని ణవత్తు కింది వరుస గుడికి తగిలి రెండూ చదవలేం. అక్షరం 30 పాయింట్లయితే ఒక వరుస నుంచి తర్వాతి వరుసకు 46 పాయింట్లయినా ఇవ్వాలి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైప్ చేస్తే, తప్పులన్నీ దిద్దాకే డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రాలో అక్షరాలను కర్వ్స్‌గా, అంటే గీతల బొమ్మలుగా మార్చి ప్రెస్సుకు పంపండి. మార్చకపోతే, ఆ ఫాంటు లేని ప్రెస్సులో అక్షరాలు పిచ్చిగీతలవుతాయి.

మన ఎండకు ఫ్లెక్స్ వద్దే వద్దు. 3 మిల్లీమీటర్ల ఏసీపీ (అల్యూమినియం పొరల మధ్య ప్లాస్టిక్ ఉండే) షీటు, దానిపై బొమ్మ ముద్రించిన వినైల్ స్టిక్కరు, ఆపైన యూవీ తట్టుకునే మ్యాట్ లామినేషన్. గ్లాసీ వేస్తే మధ్యాహ్నం బోర్డులో ఆకాశమే కనిపిస్తుంది. ముందుగా వెలిసేవి ఎరుపు, పసుపు. ఎర్రకాళ్ల కొంగ గులాబీ ఈకలు పోయి బొమ్మ నీలంగా మిగులుతుంది. కాబట్టి గుర్తుపట్టే తేడాలను నల్ల గీతలతో కూడా చూపాలి.

ముందు అంచు నేలకు 75 సెంటీమీటర్ల ఎత్తులో, వాలు 30 నుంచి 45 డిగ్రీలు ఉంటే పిల్లలకూ వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లకూ అందుతుంది. పక్షులు వాలే కొమ్మల కింద మాత్రం పెట్టకండి, రెట్టలతో వారానికే అక్షరాలు మూసుకుపోతాయి.