పడుకునే ముందు లాగే ఆ చివరి దమ్ము

రాత్రి 11 గంటలకు వేప్ (ఇ-సిగరెట్) లాగితే అందులోని నికోటిన్ ఒంటిగంటకు కూడా సుమారు సగం ఒంట్లోనే ఉంటుంది. 3 గంటలకు పావు వంతు. సగానికి తగ్గడానికే దానికి 2 గంటల దాకా పడుతుంది మరి.

మామూలుగా నిద్రలో బీపీ పగటికన్నా 10 నుంచి 20 శాతం దిగాలి. గుండెకు దొరికే విశ్రాంతి అదే. నికోటిన్ అడ్రినలిన్‌ను ఎగదోస్తుంది, నాడి వేగం పెంచుతుంది, రక్తనాళాలను బిగిస్తుంది. నిద్ర ఆలస్యంగా పడుతుంది, పట్టినా గాఢంగా ఉండదు. తెల్లవారుజామున మెలకువ వస్తే, దిండు పక్కనే ఉన్న వేప్ మీదికే చెయ్యి పోతుంది.

సిగరెట్ అయితే లేచి బాల్కనీలోకి వెళ్లాలి. వేప్‌కు ఆ బెడద లేదు, గొంతు మంటా ఉండదు. నికోటిన్ సాల్ట్ రకాల్లో బెంజోయిక్ ఆమ్లం లాంటివి కలిపి ఘాటు చంపేస్తారు. అందుకే మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములున్నా తెలియకుండా లోపలికి పోతుంది. యూరోపియన్ యూనియన్‌లో పరిమితి 20 మిల్లీగ్రాములే. మన దేశంలో 2019 చట్టంతో తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ నిషేధం. అంటే ఇక్కడ దొరికేది దొంగచాటు సరుకే, దాని లేబుల్ మీది అంకెను నమ్మలేం. 'నికోటిన్ లేదు' అన్నవీ అమాయకమైనవి కావు: కాయిల్ (వేప్‌లో వేడెక్కే తీగ) వేడికి ద్రవంలోని గ్లిజరిన్, ప్రొపిలిన్ గ్లైకాల్ విరిగి ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ లాంటి విషాలు పుడతాయి. కాయిల్ ఎండి మాడు వాసన వస్తుంటే ఇంకా ఎక్కువ.

చాలామంది పట్టించుకోనిది కాఫీ. సిగరెట్ పొగలోని తారు వల్ల కెఫీన్ ఒంట్లోంచి త్వరగా పోతుంది. నికోటిన్‌కు ఆ గుణం లేదు. సిగరెట్ మాని వేప్‌కు మారినవాళ్లు అవే 4 కప్పులు తాగితే కెఫీన్ ఎక్కువసేపు నిలిచిపోతుంది. నిద్ర పట్టకపోతే తప్పు మంచానిది కాదు.

అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో గుండె ఆరోగ్యానికి మార్కులు వేసే పద్ధతిని మార్చి, నిద్రను ఎనిమిదో అంశంగా చేర్చింది, పొగాకు అంశంలోకి వేప్‌నూ తెచ్చింది. 7 నుంచి 9 గంటల నిద్రకు 100 మార్కులు, 5 నుంచి 6 గంటలకు 40. సిగరెట్ తాగేవారికి 0, వేప్ వాడేవారికి 25. దాన్ని పాస్ మార్కు అనుకునేవాళ్లను ఏమనాలి!

ఒక్కసారిగా మానలేనివాళ్లు ముందు రాత్రి దమ్ము దగ్గర మొదలుపెట్టాలి. పడుకోవడానికి 4 గంటల ముందే ఆపేసి, వేప్‌ను వేరే గదిలో ఛార్జింగ్‌కు పెట్టండి. వారంపాటు పొద్దున, రాత్రి బీపీ రాసుకోండి: చూసేముందు అరగంట వేప్, కాఫీ వద్దు, 5 నిమిషాలు కదలకుండా కూర్చుని, నిమిషం తేడాతో రెండుసార్లు. గట్టిగా గురక, పగలు కునికిపాట్లు ఉంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు) పరీక్ష అడగండి. అది వేప్ మానినంత మాత్రాన పోదు.

మానిన మొదటి వారం నిద్ర ఇంకా పాడవుతుంది. చాలామంది అక్కడే వెనక్కి తిరుగుతారు. నికోటిన్ ప్యాచ్ (మానడానికి చర్మం మీద అంటించుకునే పట్టీ) వాడుతూ పీడకలలు వస్తుంటే పడుకునేముందు తీసేయండి. గుండెజబ్బు ఉన్నవాళ్లు ప్యాచ్ అయినా, గమ్ అయినా డాక్టర్‌ను అడిగే మొదలుపెట్టాలి. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కు ఫోన్ చేయవచ్చు, ఖర్చు లేదు.