అణు కేంద్రానికి కాపలా: ఈ ఉద్యోగాల్లో అసలు పని ఏమిటి

2012 జూలై 28 తెల్లవారుజామున అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, ఓక్ రిడ్జ్ దగ్గరున్న వై-12 అణు సముదాయంలోకి ముగ్గురు శాంతి ఉద్యమకారులు కంచెలు కత్తిరించుకుంటూ నడిచి వెళ్లారు. వాళ్లలో మెగన్ రైస్ అనే సన్యాసినికి అప్పటికి 82 ఏళ్లు. బాంబులకు పనికొచ్చే యురేనియం దాచిన భవనం గోడ దాకా చేరారు, నినాదాలు రాశారు, గోడను సుత్తితో కొట్టారు. ఆ చప్పుడు లోపలి కాపలావాళ్లకు వినబడింది. మరమ్మతు పనివాళ్లేమో అనుకున్నారు. కంచె సెన్సార్లు మోగాయి, కానీ అవి ఊరికే మోగడం అక్కడ మామూలైపోయింది. మోగిన చోటేముందో చూపించాల్సిన కెమెరా నెలల తరబడి పాడై ఉంది.

ఆ రాత్రి అక్కడ తుపాకులకు కొరత లేదు, మనుషులకూ కొరత లేదు. పాడైన కెమెరాను బాగుచేయించే మనిషి తన పని చేయలేదు. న్యూక్లియర్ సెక్యూరిటీలో ఉద్యోగం అనగానే మన పిల్లల కళ్ల ముందు కమాండోలు కదులుతారు. ఈ రంగంలో నూటికి తొంభై పాళ్లు పని మాత్రం లెక్క, కాలం, మరమ్మతు, రిజిస్టరు. ఇది తెలిసి వచ్చేవాళ్లు ఇక్కడ నిలుస్తారు, ఎదుగుతారు.

ముందు ఒక మాట విడదీయాలి. తెలుగులో సేఫ్టీకీ సెక్యూరిటీకీ రెండింటికీ 'భద్రత' అనే రాస్తాం. ఉద్యోగాల్లో అవి వేర్వేరు శాఖలు. యంత్రం పాడైనా, మనిషి పొరబడినా రేడియేషన్ బయటకు రాకుండా చూసేది సేఫ్టీ. ఎవరైనా కావాలని దొంగిలించకుండా, ధ్వంసం చేయకుండా చూసేది సెక్యూరిటీ. నిప్పంటుకుంటే తలుపు వెంటనే తెరుచుకోవాలంటుంది మొదటిది, నా అనుమతి లేకుండా తెరుచుకోకూడదంటుంది రెండోది. ఒకే తలుపు దగ్గర ఈ రెండూ కుదిరేలా డిజైన్ చేయడమే ఒక ఉద్యోగం.

ఫిజికల్ ప్రొటెక్షన్ ఇంజినీరు పని మూడు మాటల్లో ఉంటుంది: పసిగట్టడం, ఆలస్యం చేయించడం, అడ్డుకోవడం. అర్థం కావడానికి ఊహించిన అంకెలు తీసుకుందాం. కంచె దగ్గర అలారం మోగింది. కెమెరాలో చూసి మనిషేనని తేల్చడానికి 30 సెకన్లు. సాయుధ దళం అక్కడికి చేరడానికి 240 సెకన్లు. అంటే అలారం మోగాక చొరబడినవాణ్ణి అడ్డంకులు కనీసం 270 సెకన్లు ఆపాలి. కంచె దాటడానికి 10, ఖాళీ స్థలం పరిగెత్తడానికి 25, తలుపుకు 90, లోపలి గోడకు 120. మొత్తం 245. ఇరవై ఐదు సెకన్లు తక్కువ పడ్డాయి. ఇప్పుడు తలుపు మందం పెంచాలా, దళం ఉండే పోస్టు దగ్గరకు జరపాలా, సెన్సారును ఇంకా బయటకు తీసుకెళ్లాలా? దేనికెంత ఖర్చో లెక్కగట్టి పై అధికారికి కాగితం మీద చూపించాలి. కొత్తగా చేరినవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. అలారం మోగకముందు వచ్చే అడ్డంకుల సెకన్లను కూడా మొత్తంలో కలిపేస్తారు. ఎవరూ చూడని గోడ ఎంత మందంగా ఉన్నా దాని ఆలస్యం సున్నా కిందే లెక్క. తాపీగా రాత్రంతా తవ్వుకోవచ్చు కదా.

సెన్సార్లు కంచె పొడవునా జోన్లుగా ఉంటాయి. మైక్రోవేవ్, కంచె కదలికను పట్టేవి, నేలలో పూడ్చిన కేబుల్ వంటి రకాల్లో కనీసం రెండింటిని కలిపి వాడతారు, ఎందుకంటే ఒకదాన్ని తికమకపెట్టేది రెండోదాన్ని తికమకపెట్టదు. గాలికి కంచె ఊగుతుంది. వాన నీళ్లు నిలిస్తే మైక్రోవేవ్ తేడాగా పనిచేస్తుంది. గడ్డి పెరిగితే, కుక్క దూరితే మోగుతుంది. మన తారాపూర్, కల్పాక్కం, కూడంకుళం కేంద్రాలు సముద్రం ఒడ్డునే ఉన్నాయి. ఉప్పు గాలికి కనెక్టర్లు తుప్పుపడతాయి. కంట్రోల్ రూమ్ ఆపరేటరు ప్రతి మోతకూ కెమెరాలో చూసి కారణం రాయాలి. 'కుక్క', 'గాలి', 'కారణం తెలియదు' అన్న మూడూ మూడు వేర్వేరు సంగతులు. వారం చివర జోన్ల వారీగా కూడితే ఏ జోన్‌లో మరమ్మతు కావాలో కనబడుతుంది. నడుస్తూ, పరిగెత్తుతూ, పాకుతూ సెన్సారును పరీక్షించడం మెయింటెనెన్స్ బృందం పని. జోన్ చెడిపోయిన నిమిషం నుంచి బాగయ్యేదాకా అక్కడ మనిషిని నిలబెట్టాలి, ఆ వేళలు రాయాలి. వై-12లో ఈ చివరి మెట్టే జారింది.

ఏ పదార్థానికి ఎంత కాపలా అన్నది ఎవరి ఇష్టానికీ వదిలేది కాదు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పట్టిక ప్రకారం 2 కిలోలు, అంతకు మించిన వికిరణం చెందని (తీవ్రమైన రేడియేషన్ వెదజల్లని) ప్లుటోనియం మొదటి వర్గం, అంటే అత్యంత కట్టుదిట్టమైన కాపలా. బాంబుకు పనికొచ్చే 235 రకం (ఐసోటోపు) వాటాను 20 శాతానికి, అంతకు పైకి పెంచిన యురేనియంలో ఆ రకం 5 కిలోలుంటే అదీ మొదటి వర్గమే. అక్కడి నుంచి కిందికి దిగేకొద్దీ కంచెలు, తనిఖీలు తగ్గుతాయి.

హైదరాబాద్ వాళ్లకు దగ్గరి ఉదాహరణ మౌలాలి పక్కనున్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్. 220 మెగావాట్ల రియాక్టర్లకు అక్కడ తయారయ్యే ఒక్కో ఇంధన బండిల్‌లో 19 గొట్టాలు, సుమారు 15 కిలోల యురేనియం ఆక్సైడు ఉంటాయి. రియాక్టరులో 306 ఛానెళ్లు, ఛానెల్‌కు 12 బండిళ్లు, మొత్తం 3672. ఇది సహజ యురేనియం కాబట్టి బాంబు భయం తక్కువ. అయినా లెక్క తప్పకూడదు. అణు పదార్థం బాంబులకు మళ్లకుండా చూసే అంతర్జాతీయ సేఫ్‌గార్డ్స్ లెక్కల్లో, ఒక బాంబుకు దారితీయవచ్చనుకునే హద్దు సహజ యురేనియానికి 10 టన్నులు, అంటే 700కు పైగా బండిళ్లు. బండిల్‌ను లెక్కపెట్టడం తేలిక, ప్రతిదానికీ నంబరుంటుంది. కష్టమంతా పొడి, ద్రావణం, తుక్కు రూపంలో ఉన్న దశల దగ్గర. గొట్టాల్లో అంటుకున్నది, ఫిల్టర్లలో చిక్కుకున్నది, తూకం యంత్రం తేడా, ఇవన్నీ కలిసి పుస్తకంలో ఉన్నదానికీ చేతిలో ఉన్నదానికీ మధ్య ఎప్పుడూ కొంత తేడా వస్తుంది. ఆ తేడా కొలతల తప్పు పరిధిలో ఉందా, దాటిందా అని తేల్చేది మెటీరియల్ అకౌంటింగ్ విభాగం. స్టాటిస్టిక్స్, కెమిస్ట్రీ చదివినవాళ్లకు ఇది సరైన చోటు. ఈ పని గురించి ఎవరూ చెప్పకపోవడం వల్లే వాళ్లు ఇటు రావడం లేదని నా నమ్మకం.

బయటి శత్రువు కన్నా లోపలి మనిషి కష్టం. 2009 నవంబరులో కర్ణాటకలోని కైగా కేంద్రంలో ఎవరో తాగునీటి కూలరులో ట్రిషియం (రేడియోధార్మిక హైడ్రోజన్) ఉన్న, రియాక్టరులో వాడే భారజలం కలిపారు. యాభై మందికి పైగా ఉద్యోగుల శరీరాల్లోకి అది చేరింది. బయటపడింది ఏ కెమెరా వల్లా కాదు, మామూలుగా జరిగే మూత్ర పరీక్షల వల్ల. 2014 ఆగస్టులో బెల్జియంలోని డోల్ 4 రియాక్టరులో ఎవరో వాల్వు తెరిచి టర్బైన్ నూనె పారబోశారు. టర్బైన్ పాడై నెలల పాటు కేంద్రం మూతపడింది. రెండు చోట్లా అనుమానం పాసు ఉండి, లోపలి దారులు తెలిసిన మనిషి మీదకే వెళ్లింది. అందుకే కీలకమైన గదుల్లోకి ఇద్దరు కలిసే వెళ్లాలన్న నియమం, ఎవరికి ఏ తలుపు తెరుచుకోవాలన్న పట్టిక, బదిలీ అయినరోజే పాత అనుమతి రద్దు. ఎక్కువగా జారేది ఈ చివరిదే. ప్రాజెక్టు ముగిసిన కాంట్రాక్టు మనుషుల కార్డులు నెలల తరబడి బతికే ఉంటాయి. ఈ విభాగంలో మనస్తత్వశాస్త్రం, హెచ్‌ఆర్ చదివినవాళ్లకూ పనుంది.

ఐటీ వాళ్ల మాట. 2019 అక్టోబరులో కూడంకుళం పరిపాలనా నెట్‌వర్క్‌లోని ఒక కంప్యూటరులో మాల్వేర్ దొరికిందని అణు విద్యుత్ కార్పొరేషన్ ఒప్పుకుంది. కేంద్రాన్ని నడిపే వ్యవస్థలు వేరుగా ఉన్నాయి, వాటికి ఏమీ కాలేదని చెప్పింది. ఆ 'వేరు'ను నిలబెట్టడమే సైబర్ విభాగం పని. సాఫ్ట్‌వేర్ కంపెనీ అలవాట్లు ఇక్కడ నడవవు. ప్యాచ్ (సాఫ్ట్‌వేర్ లోపాన్ని సరిచేసే ముక్క) రాగానే వేసేయలేరు. దాన్ని పరీక్షా వ్యవస్థ మీద నడిపి, సేఫ్టీ విభాగం ఒప్పుకున్నాక, రియాక్టరు ఆగే రోజు దాకా ఆగి వేయాలి. ఈలోగా ఆ లోపాన్ని వేరే దారుల్లో కప్పాలి. పెన్‌డ్రైవ్‌లు, సర్వీసు ఇంజినీర్ల ల్యాప్‌టాప్‌లు, ఇవే అసలు గుమ్మాలు. నెట్‌వర్కింగ్‌తో పాటు పరిశ్రమల్లో యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్లు, అంటే పీఎల్‌సీల మీద చేయి తిరిగినవాళ్లు తక్కువ, గిరాకీ ఎక్కువ.

ఇక సామాన్య కుటుంబాల పిల్లలకు బాగా అందుబాటులో ఉన్న తలుపు దగ్గరికి వస్తాను: రేడియోధార్మిక సోర్సుల (పరికరాల్లో వాడే, రేడియేషన్ వెదజల్లే గుళికల వంటివి) భద్రత. ఆసుపత్రుల్లో, రిఫైనరీల్లో, బాయిలర్ల పనుల్లో, పైపులైన్ల వెల్డింగ్ దగ్గర ఇవి తిరుగుతూనే ఉంటాయి. విశాఖ రిఫైనరీ, రామచంద్రాపురం భెల్ లాంటి చోట్ల వెల్డింగ్ నాణ్యత చూడటానికి గామా రేడియోగ్రఫీ, అంటే గామా కిరణాలతో లోహం లోపలి ఫొటో తీయడం, కావాలి. అందులో వాడే ఇరిడియం-192 అర్ధాయుష్షు 74 రోజులు, అంటే అన్ని రోజులకోసారి దాని బలం సగమవుతుంది. ఆ బలాన్ని క్యూరీల్లోనో బెక్వెరెల్‌లలోనో కొలుస్తారు: 50 క్యూరీల సోర్సు అంటే 1.85 టెరాబెక్వెరెల్. ఇరిడియానికి ప్రమాద ప్రమాణం (అదుపు తప్పితే మనిషికి తీవ్ర హాని చేయగల బలం) 0.08 టెరాబెక్వెరెల్, కాబట్టి దానికి 23 రెట్లు. సోర్సులకు వర్గాలు వేరు: పది రెట్లు దాటితే రెండో వర్గం. సుమారు 89 రోజులకు 21.6 క్యూరీలకు దిగి మూడో వర్గంలోకి వస్తుంది. కాగితం మీద వర్గం మారిందని తాళాలు సడలిస్తే పొరపాటు. 20 క్యూరీల సోర్సు బయటపడి ఉంటే మీటరు దూరంలో ఒంటికి తగిలే మోతాదు గంటకు దాదాపు 100 మిల్లీసీవర్ట్‌లు. మన దేశంలో ఉద్యోగికి ఏడాది మొత్తానికి గరిష్ఠ పరిమితి 30.

సైట్‌లో పని ఇలా ఉంటుంది. సోర్సును దాచే కవచపు పెట్టెను ఇక్కడ కెమెరా అంటారు. దాన్ని తీసేటప్పుడు, పెట్టేటప్పుడు రిజిస్టరులో వేళ, సంతకం, ఉపరితలం మీద రేడియేషన్ మీటరు రీడింగు. ప్రతి ఎక్స్‌పోజర్ (సోర్సును బయటకు పంపి ఫొటో తీయడం) తర్వాత మీటరు పట్టుకునే కెమెరా వైపు, సోర్సు బయటకు వెళ్లే గైడ్ ట్యూబు వైపు నడవాలి. సోర్సు లోపలికి వెనుదిరిగిందని చెప్పేది మీటరు ఒక్కటే, హ్యాండిల్ తిప్పిన లెక్క కాదు. ఇంకో చిక్కు ఉంది. కెమెరా కవచం డిప్లీటెడ్ యురేనియం (235 రకం చాలావరకు తీసేయగా మిగిలినది) అయితే సోర్సు లేకపోయినా కొద్దిగా రీడింగు చూపిస్తుంది. కాబట్టి మీటరు కదిలింది చాలు అనుకోకుండా, ఆ కెమెరాకు ఉండాల్సిన రీడింగుతో పోల్చాలి. రవాణాలో పెట్టెకు మీటరు దూరంలో గంటకు 0.012 మిల్లీసీవర్ట్ వస్తే దాన్ని వందతో గుణించి ట్రాన్స్‌పోర్ట్ ఇండెక్స్ 1.2 అని రాసి, ఒకటి దాటింది కాబట్టి పసుపు మూడో లేబుల్ అంటించాలి.

బోల్టులు కూడా చూడాలి. 2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో గని నుంచి పెర్త్‌కు వెళ్తున్న గేజ్ (సోర్సుతో పనిచేసే కొలత పరికరం)లో కుదుపులకు బోల్టు ఊడి, ఆ రంధ్రం గుండా సీజియం-137 గుళిక రోడ్డు మీద పడిపోయింది. దాని కొలతలు 6 మిల్లీమీటర్లు, 8 మిల్లీమీటర్లు. వెతకాల్సిన దారి 1400 కిలోమీటర్లు. డిటెక్టరు అమర్చిన వాహనం ఫిబ్రవరి 1న దాన్ని పట్టింది.

దొంగ కన్నా పెద్ద ప్రమాదం మరిచిపోవడం. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు మార్కెట్‌లో ఒకరి ప్రాణం తీసిన కోబాల్ట్-60, ఏళ్ల తరబడి వాడకుండా పడున్న ఒక విశ్వవిద్యాలయ పరికరం నుంచి వేలంలో వెళ్లింది. కొనేముందు ఆ పరికరం ఏమిటో చెప్పేవాళ్లు అప్పటికి అక్కడ లేరు. రిటైరైన మనిషి నుంచి తర్వాతి మనిషికి సోర్సుల జాబితా చేతులు మారాలి. వాడకం ఆగిన సోర్సును సరఫరా చేసినవాళ్లకు తిరిగి పంపడానికి డబ్బు ముందే కేటాయించాలి. రేడియాలజికల్ సేఫ్టీ ఆఫీసరు (ఆర్‌ఎస్‌ఓ) ఈ రెండు చేస్తే సగం దేశం కాపాడినట్టే, అతిశయోక్తి కాదు.

దారుల విషయం. రేడియోగ్రఫీలో ఆర్‌టీ (రేడియోగ్రఫీ పరీక్ష) ఒకటి, రెండు స్థాయిల సర్టిఫికెట్లు, ఆ పైన ఆర్‌ఎస్‌ఓ అర్హత. బీఎస్సీ ఫిజిక్స్, డిప్లొమావాళ్లు ఇటు చూడాలి. ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత ఏడాది రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్)లో ఉంది, ఆసుపత్రుల్లోకి అది దారి. లైసెన్సులన్నీ అణుశక్తి నియంత్రణ మండలి ఈ-లోరా పోర్టల్‌లో నడుస్తాయి, దాన్ని వాడటం ముందే నేర్చుకోండి. ఇంజినీర్లకు, సైన్సు పీజీలకు బార్క్ ఏడాది శిక్షణ కోర్సు ఉంది, గేట్ స్కోరుతోనూ పిలుస్తారు, బాండు మూడేళ్లు. సెన్సార్లు, రేడియేషన్ మానిటర్లు తయారుచేసేది మన హైదరాబాద్ ఈసీఐఎల్. యూనిఫారం కావాలంటే అణు కేంద్రాలకు కాపలా కాసే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం, సీఐఎస్ఎఫ్: కానిస్టేబుల్‌కు ఎస్‌ఎస్‌సీ పరీక్ష, అసిస్టెంట్ కమాండెంట్‌కు యూపీఎస్‌సీ. అణు కేంద్రమే కావాలని పట్టుబట్టే వీలుండదు. ఎయిర్‌పోర్టు, ఉక్కు కర్మాగారం, శ్రీహరికోట, ఎక్కడికైనా బదిలీ వస్తుంది. హర్యానాలోని బహదూర్‌గఢ్ దగ్గరున్న, అణుశక్తి భాగస్వామ్యానికి ఏర్పాటైన గ్లోబల్ సెంటర్‌లో న్యూక్లియర్ సెక్యూరిటీకి ప్రత్యేక పాఠశాల ఉంది. వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థలో పీ-3 స్థాయి నిపుణుల పోస్టుకు ఐదేళ్ల అనుభవం అడుగుతారు. పీహెచ్‌డీ చేసి నేరుగా అప్లై చేసేవాళ్ల కన్నా సైట్‌లో చెమటోడ్చినవాళ్ల రెజ్యూమె అక్కడ బరువుగా కనబడుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు తరచూ అడిగేది క్యూ క్లియరెన్స్ (అణు రహస్యాలు చూడటానికి అక్కడి ఇంధన శాఖ ఇచ్చే అనుమతి) గురించి. దానికి అక్కడి పౌరసత్వం తప్పనిసరి, హెచ్1బీ మీద కుదరదు. కానీ ఆసుపత్రుల్లో, విశ్వవిద్యాలయాల్లో ఒకటి, రెండో వర్గపు సోర్సుల దగ్గరకు ఒంటరిగా వెళ్లే అనుమతికి పౌరసత్వం అడగరు. వేలిముద్రలు, ఏడేళ్ల నేపథ్యం పరిశీలిస్తారు.

ఎక్కడ చేరినా ఈ పరిశీలన దగ్గర మనవాళ్లు ఇరుక్కునేది పేరుతోనే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొట్టి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులుగా కనబడితే ఫైలు ఆగుతుంది. అప్లికేషన్ పెట్టడానికి ఆరు నెలల ముందే వీటిని ఒకటి చేసుకోండి. ఉన్న ఇళ్ల చిరునామాలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది ఇప్పటినుంచే ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి.