చింతగింజలతో నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు

మాది పలమనేరు పక్కన ఒక పల్లె. డిగ్రీ వరకు తెలుగు మీడియమే. పీజీసెట్ రాసి, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో, పిల్లల పెంపకం, ఎదుగుదల గురించి కూడా చెప్పే హోమ్ సైన్స్‌లో సీటు తెచ్చుకున్న రోజు మా నాయన అడిగింది ఒకటే: "పిలకాయల్ని పెంచేదానికి కూడా చదువుండాదా మ్మా?"

మొదటి సెమిస్టర్ ఎట్లాగో గట్టెక్కింది. పిల్లల మనసు ఎట్లా ఎదుగుతుందో చెప్పిన పియాజే, ఎరిక్సన్, బౌల్బీ, అన్నీ ఇంగ్లీషులోనే. ఒక పేరా చదవడం, పక్కన తెలుగులో రాసుకోవడం, మళ్లీ చదవడం.

నన్ను మార్చింది అబ్జర్వేషన్ రికార్డు. అంగన్‌వాడీలో ఒక పిల్లాణ్ణి పది నిమిషాలు చూసి "అల్లరి పిల్లాడు" అని రాశాను. మేడం దానిమీద ఎర్ర ఇంకుతో గీత కొట్టారు. "ఏం చేశాడో రాయమ్మా. ఎట్లాంటివాడో పది నిమిషాల్లో నువ్వు తేల్చేస్తావా?" మర్నాడు గడియారం చూసుకుంటూ రాశాను: "10.05, పక్క పాప చేతిలో పలక లాక్కున్నాడు. పాప ఏడ్చింది. 10.06, పలక ఆమె ఒళ్లో పెట్టి ముఖంలోకి చూశాడు." ముందురోజు కూడా వాడు ఏదో లాక్కుని, మళ్లీ ఇచ్చేశాడు. నేను చూశాను కూడా. రాయలేదు, అంతే.

చివరి ఏడాది ప్రాజెక్టుకు చంద్రగిరి వైపు అంగన్‌వాడీలు ఎంచుకున్నాను. అంగన్‌వాడీలను పర్యవేక్షించే అధికారి, సీడీపీవో మేడం అనుమతి కోసం మూడుసార్లు తిరిగాను. తల్లులకు విషయం చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకున్నాను.

నా అంశం పియాజే చెప్పిన సంఖ్యా కన్జర్వేషన్, అంటే వస్తువుల్ని ఎట్లా జరిపినా లెక్క మారదని పిల్లలకు తెలియడం. రెండు వరుసల్లో సమానంగా గింజలు పేర్చి, ఒక వరుసను ఎడంగా జరిపితే, ఆరేడేళ్లలోపు పిల్లలు చాలామంది "పొడుగు వరుసలోనే ఎక్కువ" అంటారని ఆయన గమనించాడు. నేను చింతగింజలు పట్టుకెళ్లాను, వరుసకు ఆరు.

మొదటిరోజు ఐదేళ్ల బాబు చాప మీద కూర్చున్నాడు. "రెండిట్లో సమానంగా ఉన్నాయా, ఒకదాంట్లో ఎక్కువున్నాయా?" అన్నాను. నావైపే చూస్తున్నాడు. అంగన్‌వాడీ ఆయమ్మ వెనకనుంచి అందుకుంది: "యాడ జాస్తి ఉండాయిరా?" వెంటనే "రెండూ ఒగటే" అన్నాడు. గింజలు ఎడం చేసి మళ్లీ అడిగాను. నా ముఖం చూసి, వేలు ఎత్తి, మెల్లగా పొడుగు వరుస చూపించాడు.

ఆ చూపు నాకు నిద్రపట్టనివ్వలేదు. ఇందాక చెప్పింది తప్పేమో, అందుకే మళ్లీ అడుగుతోంది అనుకున్నాడా?

మా యూనివర్సిటీ మేడంకు చెబితే, 1974లో మెక్‌గారిగిల్, డొనాల్డ్‌సన్ అచ్చువేసిన పరిశోధన చదవమన్నారు. అందులో ఒకసారి పెద్దవాళ్లే బిళ్లలు జరుపుతారు. ఇంకోసారి ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి వరుస చెదరగొడుతుంది. బొమ్మ చెదరగొట్టినప్పుడు చాలామంది పిల్లలు "సమానమే" అన్నారు. పెద్దవాళ్లు కావాలని జరిపి మళ్లీ అడిగితే, ఏదో మారింది కాబోలు అనుకోవడం పిల్లలకు సహజం. నాకు ఆ రోజు ఏడుపొచ్చినంత పనైంది. నా ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయిన పిల్లాణ్ణి తెలియనివాడి కింద జమకట్టేయబోయాను.

మా దగ్గర ఎలుగుబంటి ఎవరికి తెలుసు? కొండ మీద కోతి అందరికీ తెలుసు. గుడ్డ కోతి కుట్టాను. పిల్లల్ని రెండు జట్లు చేశాను. ఒకే పిల్లకు రెండు పద్ధతులూ పెడితే మొదటిది రెండోదాని మీద పడుతుంది కదా. ఒక జట్టుకు నేనే జరిపాను, ఇంకో జట్టుకు కోతి. ప్రశ్న మాత్రం రెండు జట్లకీ "జాస్తి"తోనే. కోతి చెదరగొట్టగానే ఒక పాప పక్కున నవ్వి, "కోతి జరిపింది అంతేగా, గింజలు యాడికీ పోలా" అంది. ఆ మాట అట్లాగే రికార్డులోకి ఎక్కించాను.

వైవాలో, అంటే నోటి పరీక్షలో, బయటినుంచి వచ్చిన సార్ పేజీలు తిప్పుతూ ఆగి, "జాస్తి అని ఎందుకు రాశారు, ప్రామాణిక పదం కాదు కదా" అన్నారు. చాప మీద బాబు సంగతి చెప్పాను. ఆయన ఒక నిమిషం ఆలోచించి, అనుబంధంలో నా మొదటి ప్రశ్న, మార్చిన ప్రశ్న పక్కపక్కన పెట్టమన్నారు. ఆ రాత్రే రెండు గళ్లు గీసి, ఒకదాంట్లో "ఎక్కువ", ఒకదాంట్లో "జాస్తి" టైపు చేయించి బైండింగ్‌కు ఇచ్చాను.